గ్రేడియంట్‌లో పట్టీలు కనిపిస్తే డిస్‌ప్లేని తిట్టకండి, ముందు బ్రౌజర్‌ని అనుమానించండి

కొత్త ఫోన్ చేతికి రాగానే మనలో చాలామంది చేసే పని ఒకటుంది. బ్రౌజర్ తెరిచి ఏదో ఒక డిస్‌ప్లే టెస్ట్ పేజీ వెతుకుతారు. నలుపు నుంచి బూడిద రంగులోకి మెల్లగా మారే స్క్రీన్ ఒకటి పెట్టుకుని, గదిలో లైటు ఆపేసి, బ్రైట్‌నెస్ ఫుల్ చేసి చూస్తారు. రంగు నున్నగా జారితే ప్యానెల్ సూపర్. మెట్లు మెట్లుగా, అడ్డ పట్టీల్లా కనిపిస్తే ప్యానెల్ చెత్త. ఇంకేముంది, రీప్లేస్‌మెంట్ గడువు దాటకముందే రిటర్న్ పెట్టేయడం. రివ్యూలు చేసేవాళ్లు కూడా ఇదే పేజీ పెట్టి, రెండు ఫోన్లు పక్కపక్కన పట్టుకుని, "చూశారుగా బ్యాండింగ్!" అని తేల్చేస్తున్నారు.

ఈ తీర్పు మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఆ పట్టీలు ప్యానెల్‌వి కావచ్చు, కాకపోవచ్చు కూడా. బ్రౌజర్‌లో చూసిన గ్రేడియంట్ అనేది ఫోటో కాదు, వీడియో కాదు. "పైన ఈ రంగు, కింద ఆ రంగు, మధ్యలోది నువ్వే నింపుకో" అని వెబ్ పేజీ చెప్తే, ఆ మధ్యలోది లెక్కగట్టి గీసేది బ్రౌజరే. ఆ లెక్క అన్ని బ్రౌజర్లూ ఒకేలా చేయవు. చేసిన లెక్కని ఒకేలా గుండ్రం చేయవు. అలాంటప్పుడు ఆ పేజీతో మీరు పరీక్షించింది వేలు పోసి కొన్న డిస్‌ప్లేనా, ఫ్రీగా వచ్చిన యాప్‌నా?

ముందు లెక్క చూద్దాం

మామూలు స్క్రీన్ మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి 256 మెట్లు ఉంటాయి. దీన్నే 8 బిట్ అంటాం. మూడూ కలిపితే సుమారు 1.67 కోట్ల రంగులు. వినడానికి చాలా ఎక్కువే. కానీ గ్రేడియంట్‌కి ఆ కోట్లన్నీ అక్కరకు రావు. నలుపు అంటే 0, 0, 0 నుంచి బాగా ముదురు బూడిద 32, 32, 32 దాకా వెళ్లే బ్యాక్‌గ్రౌండ్ తీసుకోండి. డార్క్ మోడ్ డిజైన్లలో ఇది సర్వసాధారణం. ఈ రెండిటి మధ్య బ్రౌజర్ దగ్గర ఉన్న బూడిద మెట్లు చివరలతో కలిపి 33 మాత్రమే. మీ ఫోన్ ఎత్తు 2400 పిక్సెళ్లు అయితే ఒక్కో మెట్టుకి దాదాపు 75 పిక్సెళ్లు వస్తాయి. అంగుళానికి 400 పిక్సెళ్లున్న స్క్రీన్ మీద అది దగ్గర దగ్గర అర సెంటీమీటరు పట్టీ. ఇది ప్యానెల్ లోపం కాదు, మూడో తరగతి భాగహారం.

"ఒక్క మెట్టు తేడా కంటికి కనిపిస్తుందా?" అని మీరు అడగొచ్చు. విడిగా చూస్తే కష్టమే. కానీ రెండు పట్టీలు ఆనుకుని ఉంటే వాటి సరిహద్దుని మన కన్ను కావాలని పెద్దది చేసి చూపిస్తుంది. ఎర్న్‌స్ట్ మాక్ అనే శాస్త్రవేత్త 1865లోనే దీని గురించి రాశాడు. అందుకే వీటిని మాక్ బ్యాండ్స్ అంటారు. అంటే స్క్రీన్ మీద ఉన్నదానికంటే ఎక్కువ తేడా మన బుర్రలో కనిపిస్తుంది.

ఇంకో తమాషా ఉంది. చీకటి గదిలో ఎల్‌సీడీ నలుపు పూర్తి నలుపు కాదు, వెనక బ్యాక్‌లైట్ కాస్త లీకవుతూనే ఉంటుంది. ఆ లీకేజీలో కింది మెట్ల తేడా కలిసిపోతుంది. అమోలెడ్‌లో నలుపు అంటే పిక్సెల్ ఆరిపోవడమే. కాబట్టి మొదటి నాలుగైదు మెట్లు అక్కడే స్పష్టంగా బయటపడే అవకాశం ఎక్కువ. నలుపు బాగా చూపించే ప్యానెల్ బ్రౌజర్ తప్పుని కూడా బాగా చూపిస్తుందన్నమాట. తిట్లు మాత్రం ప్యానెల్‌కే.

107 కోట్ల రంగులు ఎక్కడికి పోయాయి?

"మా ఫోన్‌లో 10 బిట్ డిస్‌ప్లే, 107 కోట్ల రంగులు" అని బాక్సు మీద వేస్తారు. 10 బిట్ అంటే ఒక్కో రంగుకి 1024 మెట్లు, కాబట్టి ఆ సంఖ్య అబద్ధం కాదు. హెచ్‌డీఆర్ వీడియోలకి అది పనికొస్తుంది కూడా. కానీ మామూలు వెబ్ పేజీని బ్రౌజర్ సాధారణంగా 8 బిట్ బఫర్‌లోనే గీస్తుంది. అక్కడ 33 మెట్లే ఉంటే, ప్యానెల్‌కి 1024 మెట్లు చూపించే సత్తా ఉన్నా వచ్చేది ఆ 33 మెట్లే. బిందెతో వెళ్లినా కుళాయిలో వచ్చేది సన్న ధార అయితే ఏం చేస్తాం?

దీనికి మందు చాలా పాతది. పేరు డిథరింగ్. పేరు కొత్తగా అనిపిస్తే సంక్రాంతి ముగ్గు గుర్తు తెచ్చుకోండి. ఎరుపు రంగు నుంచి పసుపులోకి మెల్లగా మారాలంటే మధ్యలో ఏం చేస్తారు? గీత గీసినట్టు ఇటు ఎరుపు, అటు పసుపు పోయరు. రెండు రంగుల పొడీ వేళ్లతో అక్కడక్కడా కలగలిపి చల్లుతారు. దగ్గరికెళ్లి చూస్తే ఎర్ర గింజలూ పసుపు గింజలే. గుమ్మంలో నిలబడి చూస్తే నారింజ. డిథరింగ్ అచ్చం అదే. 10వ మెట్టుకీ 11వ మెట్టుకీ మధ్య రంగు కావాలంటే కొన్ని పిక్సెళ్లు 10, కొన్ని 11 అని చల్లేస్తారు. కన్ను వాటిని కలిపి చదువుకుంటుంది, పట్టీ అంచు మాయమవుతుంది.

గేమ్స్ చేసేవాళ్లకి ఇది బాగా తెలుసు. ప్లేడెడ్ స్టూడియో 2016లో తెచ్చిన ఇన్‌సైడ్ ఆడారా? ఆట మొత్తం పొగమంచు, చీకటి, మసక వెలుగు. అంటే గ్రేడియంట్ల మీదే నడిచే గేమ్. పట్టీలు పడకుండా వాళ్లు ప్రతి దశలోనూ సన్నని నాయిస్ కలిపారు, ఎలా కలిపారో ఆ ఏడాది గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో వివరంగా చెప్పారు కూడా. ఒక చిన్న స్టూడియో చేసిన పని అది.

మరి బ్రౌజర్లు? ఇక్కడే అసలు తగాదా. గ్రేడియంట్ మధ్య రంగులు ఏ లెక్కన రావాలో సీఎస్‌ఎస్ ప్రమాణం చెప్తుంది. ఆ రంగుని 8 బిట్‌లోకి కుదించేటప్పుడు డిథర్ చేసి తీరాలని మాత్రం చెప్పదు. కాబట్టి అది ఇంజిన్ ఇష్టం. క్రోమ్ కింద స్కియా అనే గ్రాఫిక్స్ లైబ్రరీ ఉంది, సఫారీ ఆపిల్ సొంత గ్రాఫిక్స్ వ్యవస్థ మీద నడుస్తుంది, ఫైర్‌ఫాక్స్‌కి వెబ్‌రెండర్ ఉంది. ముగ్గురు వంటవాళ్లకి ఒకే రెసిపీ ఇచ్చి "ఉప్పు తగినంత" అని రాస్తే ఏమవుతుందో ఇక్కడా అదే జరుగుతోంది. వెర్షన్ మారితే, జీపీయూ మారితే, గ్రాఫిక్స్ డ్రైవర్ మారితే కూడా ఫలితం కాస్త మారొచ్చు. వెబ్ బ్రౌజర్లన్నిటినీ పరీక్షించే వెబ్ ప్లాట్‌ఫామ్ టెస్ట్స్‌లో కూడా, పిక్సెల్ విలువలు ఇంత దాకా తేడా ఉన్నా పాస్ చేయొచ్చు అని వెసులుబాటు రాసుకునే పద్ధతి ఉంది. ఇంజినీరింగ్‌గా అది సమంజసమే, లేకపోతే ఏ టెస్టూ పాసవదు. కానీ మన కన్ను పట్టుకునే పట్టీ కూడా ఆ ఒక్క మెట్టు తేడాలోనే ఉందన్నది మర్చిపోకూడదు.

సరే, తప్పు ఎవరిదో తేల్చడం ఎలా? స్క్రీన్‌షాట్ తీయండి. స్క్రీన్‌షాట్‌లో పడేది సాఫ్ట్‌వేర్ గీసిన బొమ్మ, ప్యానెల్ వెలిగించినది కాదు. కొన్ని ఫోన్లు స్క్రీన్‌షాట్‌ని జేపెగ్‌గా సేవ్ చేస్తాయి, సెట్టింగ్స్‌లో పీఎన్‌జీకి మార్చుకోండి. జేపెగ్ కుదింపే సొంతంగా పట్టీలు పుట్టిస్తుంది. ఆ పీఎన్‌జీని ఏదైనా ఎడిటర్‌లో పెట్టి ఎక్స్‌పోజర్, కాంట్రాస్ట్ బాగా పెంచి, జూమ్ చేసి చూడండి. పట్టీలు కత్తితో కోసినట్టు నిటారు అంచులతో ఉంటే సాఫ్ట్‌వేర్ డిథర్ చేయలేదు, ప్యానెల్ పాపం తనకి ఇచ్చింది ఇచ్చినట్టు చూపించింది. అంచుల దగ్గర ఇసుక చల్లినట్టు గింజలు గింజలుగా ఉండి, స్క్రీన్ మీద మాత్రం పట్టీలు కొట్టొచ్చినట్టు కనిపిస్తే, అప్పుడు ప్యానెల్‌ని అనుమానించండి. రెండో ఫోన్‌లో పెట్టి పోల్చాలనుకుంటే వాట్సాప్‌లో ఫోటోగా పంపకండి, డాక్యుమెంట్‌గా పంపండి. ఫోటోగా పంపితే అది మళ్లీ కుదించేస్తుంది, ఇంత కష్టమూ వృథా.

(ఓటీటీలో రాత్రి సీన్లలో కనిపించే పట్టీల సంగతి వేరు. అవి ఎక్కువగా వీడియో కంప్రెషన్ చలవ. దానికి బ్రౌజర్ బాధ్యత కాదు.)

మధ్యలో బురద ఎందుకు వస్తుంది?

పట్టీలు ఒక రోగం. రెండోది రంగే తప్పుగా రావడం. స్కూల్లో డ్రాయింగ్ టీచర్ పసుపు, నీలం కలిపితే ఆకుపచ్చ అని నేర్పారు కదా. బ్రౌజర్‌లో పచ్చి పసుపు నుంచి పచ్చి నీలానికి గ్రేడియంట్ పెట్టండి. నట్టనడుమ వచ్చేది 128, 128, 128. అంటే బూడిద. ఎరుపు నుంచి పచ్చకి పెడితే మధ్యలో 128, 128, 0, అదో మడ్డి ఆలివ్ రంగు. కారణం, బ్రౌజర్ ఎస్‌ఆర్‌జీబీ అంకెల్ని నేరుగా సగటు తీస్తుంది. ఆ అంకెలు వెలుగు కొలతలు కావు, పాత సీఆర్‌టీ మానిటర్ల కాలం నుంచి వచ్చిన వంకర స్కేలు మీది గుర్తులు. అసలు వెలుగు లెక్కన సగటు తీస్తే 128 బదులు దాదాపు 188 రావాలి. అందుకే మధ్య భాగం చీకటిగా, నీరసంగా కనిపిస్తుంది.

స్వీడన్‌కి చెందిన బ్యోర్న్ ఒట్టొసన్ 2020 డిసెంబర్‌లో ఓకేల్యాబ్ అనే రంగుల వ్యవస్థని ప్రచురించాడు. మన కంటికి సమాన దూరంలో కనిపించే రంగులు అంకెల్లో కూడా సమాన దూరంలో ఉండేలా కట్టిన లెక్క అది. దాన్నే రంగుల చక్రంలా చుట్టేస్తే ఓకేఎల్‌సీహెచ్. ఇందులో పసుపు నుంచి నీలానికి చక్రం మీద దగ్గరి దారి ఆకుపచ్చ మీదుగానే వెళ్తుంది. డ్రాయింగ్ టీచర్ గెలిచారు! ఫలానా రంగుల వ్యవస్థలో గ్రేడియంట్ వెయ్యి అని చెప్పే వీలు సీఎస్‌ఎస్‌లోకి వచ్చింది. సఫారీ 16.2తో 2022 డిసెంబర్‌లో, క్రోమ్ 111తో 2023 మార్చిలో, ఫైర్‌ఫాక్స్ 127తో 2024 జూన్‌లో ఇచ్చాయి. మొదటి దానికీ చివరి దానికీ ఏడాదిన్నర తేడా. ఆ ఏడాదిన్నర ఒకే పేజీ ఒక చోట ఆకుపచ్చ, ఇంకో చోట వేరే రంగు.

ఇక్కడ చాలామందికి తెలియని ఒక మెలిక. ఏ వ్యవస్థా చెప్పకుండా పాత పద్ధతిలో రాసిన రంగులు ఇస్తే బ్రౌజర్ ఎస్‌ఆర్‌జీబీలోనే కలపాలి. ఆ రెండు రంగుల్లో ఒక్కటి కొత్త ఓకేఎల్‌సీహెచ్ రాతలో రాసినా డిఫాల్ట్ ఓకేల్యాబ్‌కి మారిపోతుంది. అదే ఎరుపు. అదే నీలం. రాత మారింది కాబట్టి మధ్య రంగు మారింది. దీన్ని బగ్ అనుకుని తల పట్టుకున్న వాళ్లని నేను చూశాను. బగ్ కాదు, రూల్. పాత పేజీలు చెడిపోకూడదని పాత రాతని ముట్టుకోలేదు, కొత్త రాతకి కొత్త లెక్క ఇచ్చారు. నాకైతే ఈ నిర్ణయం సరైనదే అనిపిస్తుంది. పాత డిఫాల్ట్‌ని ఒక్క రాత్రిలో మార్చేస్తే లెక్కలేనన్ని సైట్ల బటన్లు, బ్యానర్లు పొద్దున్నే రంగు మార్చుకుని లేచేవి.

ఇలాంటి గందరగోళం గ్రేడియంట్లకి పుట్టుకతోనే వచ్చింది లెండి. వెబ్‌కిట్ 2008లో తన సొంత రాతతో మొదలుపెట్టింది, 2010లో ఫైర్‌ఫాక్స్ 3.6 ఇంకో రాత తెచ్చింది, పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి వాటితో సంబంధం లేని ఫిల్టర్ మంత్రం వేరే ఉండేది. ఆ రోజుల్లో 90 డిగ్రీలు అంటే కింది నుంచి పైకి. ప్రమాణం ఖరారయ్యాక 90 డిగ్రీలు అంటే ఎడమ నుంచి కుడికి. ఒకే బటన్‌కి నాలుగు లైన్లు రాసిన తరం వాళ్లని అడిగితే కథలు కథలుగా చెప్తారు.

అన్నిటికంటే నాకు చిరాకు తెప్పించేది 'ట్రాన్స్‌పరెంట్' అనే మాట. తెల్ల రంగు నుంచి ట్రాన్స్‌పరెంట్‌కి ఫేడ్ పెట్టామనుకోండి. పేజీ కూడా తెల్లదే. ఏమీ కనిపించకూడదు కదా? కానీ సీఎస్‌ఎస్‌లో ట్రాన్స్‌పరెంట్ అంటే పారదర్శకమైన నలుపు. రంగుని, పారదర్శకతని విడివిడిగా సగటు తీస్తే నడుమ సగం పారదర్శకమైన బూడిద వస్తుంది. తెలుపు మీద అది 192 దగ్గర తేలుతుంది, అంటే స్పష్టంగా కనిపించే మసి మరక. రంగుని ముందే పారదర్శకతతో గుణించి సగటు తీస్తే ఈ మరక రాదు, ప్రమాణం చెప్పేదీ అదే. అయినా సఫారీ ఏళ్ల తరబడి మరక పద్ధతిలోనే గీసింది, 2022 ప్రాంతంలో గానీ సరిచేసుకోలేదు. పోనీ ఇప్పుడైనా ఒకే లెక్కా అంటే, అదీ లేదు. అదే బ్రౌజర్‌లో, అదే పేజీలో, సీఎస్‌ఎస్‌తో కాకుండా కాన్వాస్‌లో గీస్తే గుణించకుండానే సగటు తీయాలని ఆ ప్రమాణం రాసి ఉంది. ఒక ఇంట్లోనే రెండు వంటగదులు, రెండు కొలతలు. డెవలపర్లు దీనికి చేసే మార్గం ఒకటే: ట్రాన్స్‌పరెంట్ అని రాయకుండా, పారదర్శకత సున్నా ఉన్న తెలుపు అని విడమరిచి రాయడం.

ఐఫోన్‌లో క్రోమ్, క్రోమ్ కాదు

పోలికలు చేసేవాళ్లు తరచుగా అనే మాట: "రెండింట్లోనూ క్రోమే వాడాను, కాబట్టి పోలిక న్యాయమైనదే". కాదండీ. ఆండ్రాయిడ్‌లో క్రోమ్ గూగుల్ సొంత ఇంజిన్ బ్లింక్ మీద నడుస్తుంది. మన దేశంలో ఐఫోన్ మీద ఏ బ్రౌజర్ వేసుకున్నా లోపల ఇంజిన్ ఆపిల్ వెబ్‌కిటే. క్రోమ్ అయినా, ఫైర్‌ఫాక్స్ అయినా పైన చొక్కా మాత్రమే వేరు. యూరోపియన్ యూనియన్‌లో 2024 నుంచి వేరే ఇంజిన్లకి ఆపిల్ దారి తెరిచింది, అది వేరే విషయం. కాబట్టి ఐఫోన్ పక్కన ఆండ్రాయిడ్ పెట్టి గ్రేడియంట్ చూస్తే మీరు పోలుస్తున్నది రెండు డిస్‌ప్లేలని, రెండు ఇంజిన్లని, రెండు కలర్ మేనేజ్‌మెంట్ పద్ధతుల్ని ఒకేసారి. దానికి తోడు ఒకదాంట్లో వివిడ్ మోడ్, ఇంకోదాంట్లో ట్రూ టోన్ ఆన్. ఇన్ని మారుతుంటే తేడా దేని వల్ల వచ్చిందో చెప్పడం జాతకం చెప్పడంతో సమానం.

కంప్యూటర్లలోనూ ఇదే గోల. విండోస్‌లో ఫైర్‌ఫాక్స్ చాలా కాలం డిఫాల్ట్‌గా కలర్ ప్రొఫైల్ ఉన్న ఇమేజ్‌లకే రంగులు సర్దేది, సీఎస్‌ఎస్ రంగుల్ని అలాగే వదిలేసేది. వైడ్ గ్యాముట్ మానిటర్ కొన్నవాళ్లకి అదే పేజీ క్రోమ్‌లో ఒకలా, ఫైర్‌ఫాక్స్‌లో నియాన్ పూసినట్టు ఇంకోలా కనిపించింది.

నష్టపోయేది ఎవరు?

ఇదంతా డిజైనర్ల ముచ్చట, మనకెందుకు అనుకోకండి. విజయవాడలో నా స్నేహితుడొకడు చిన్న వ్యాపారాలకి వెబ్ పేజీలు చేసి బతుకుతాడు. ఒక కోచింగ్ సెంటర్ కోసం ఫీజుల పేజీ చేశాడు. పైన ఓకేఎల్‌సీహెచ్ గ్రేడియంట్, దాని మీద తెల్ల అక్షరాల్లో కోర్సు పేరు, ఫీజు, చివరి తేదీ. వాడి ల్యాప్‌టాప్‌లో నెమలి ఈకలా ఉంది. సెంటర్ యజమాని తన పాత ఫోన్‌లో తెరిస్తే తెల్ల కాగితం. బ్రౌజర్‌కి ఆ కొత్త రాత అర్థం కాకపోతే గ్రేడియంట్‌ని పాత పద్ధతిలో గీయదు. ఆ లైన్ మొత్తాన్ని పక్కన పడేస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ పోయింది, తెలుపు మీద తెల్ల అక్షరాలు మిగిలాయి. చివరి తేదీ ఎవరికీ కనిపించలేదు. తల్లిదండ్రులు ఫోన్ చేసి అడగడం, యజమాని వీడి మీద అరవడం, మిగతా డబ్బులు ఆపేయడం అన్నీ ఒకే వారంలో జరిగాయి. వాడు చేయాల్సిందల్లా పైన ఒక మామూలు రంగు లైను, దాని కింద కొత్త లైను రాయడం. కానీ దాన్ని వాడు ముందే పట్టుకోలేకపోయాడు, ఎందుకంటే వాడి టేబుల్ మీద ఉన్నవన్నీ కొత్త ఫోన్లే.

"పాత ఫోన్లు ఎవరు వాడుతున్నారు?" అంటే మీ ఇంట్లోనే చూడండి. మనం కొత్తది కొనుక్కుని పాతది అమ్మకో, తాతయ్యకో ఇస్తాం. ఆండ్రాయిడ్ 6 ఫోన్‌కి క్రోమ్ 106తో అప్‌డేట్లు ఆగిపోయాయి. ఈ గ్రేడియంట్ రాత కావాలంటే 111 ఉండాలి. ఐఫోన్ 7 ఐఓఎస్ 15 దగ్గర ఆగిపోయింది, కావాల్సింది సఫారీ 16.2. దాంట్లో క్రోమ్ వేసుకుంటే సరిపోతుందా అంటే, చొక్కా సంగతి ఇందాకే చెప్పుకున్నాం. విచిత్రం ఏంటంటే, పీ3 వైడ్ కలర్ డిస్‌ప్లేతో వచ్చిన మొదటి ఐఫోన్ అదే, 2016లో. గ్లాసు ఇంకా బాగానే ఉంది, లోపలి ఇంజిన్‌కే వయసైపోయింది.

కొనేవాళ్ల నష్టం ఇంకో రకం. బడ్జెట్ ఫోన్ కొన్న కుర్రాడు టెస్ట్ పేజీలో పట్టీలు చూసి, "తక్కువ రేటుది కొన్నాం కదా, అందుకే ఇలా" అని నమ్మేసి, ఇంకో పదివేలు పోసి పై మోడల్‌కి వెళ్తాడు. అక్కడా అదే బ్రౌజర్, అదే 33 మెట్లు. అప్పుడు కూడా పట్టీలు కనిపిస్తాయి, కానీ ఈసారి వాడు వెతకడు.

నేను అడుగుతున్నది ఇదే

గ్రేడియంట్‌ని డిథర్ చేయడం బ్రౌజర్లలో తప్పనిసరి డిఫాల్ట్ కావాలి, ప్రమాణంలో రాత పూర్వకంగా రావాలి. దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. స్క్రీన్‌షాట్ ఫైల్ సైజు పెరుగుతుంది, నాయిస్ ఉన్న బొమ్మని పీఎన్‌జీ బాగా కుదించలేదు. ఆటోమేటిక్ విజువల్ టెస్టులు నడిపే టీములకి ప్రతి పిక్సెల్ తేడా ఒక అలారం. గ్రేడియంట్ చివర, పక్కనున్న సాదా రంగుతో అతుకు తెలియకుండా కలవాల్సిన చోట గింజలు కనిపించే ప్రమాదం ఉంది. బ్యాటరీ సంగతి కూడా కొందరు ఎత్తుతారు, కానీ పిక్సెల్‌కి ఒక చిన్న సంఖ్య కలపడం ఈ రోజు ఫోన్ జీపీయూలకి లెక్కలోకి రాని పని. మిగతా వాటిలో నిజం ఉంది. వద్దనుకునే వాళ్ల కోసం ఒక సీఎస్‌ఎస్ స్విచ్ ఇస్తే సరిపోతుంది. కావాలనుకునే వాడు నాయిస్ ఇమేజ్ ఒకటి తయారుచేసుకుని పైన అతికించుకోవాల్సి రావడం మాత్రం తలకిందుల వ్యవహారం. ఇవాళ చాలా సైట్లలో కనిపించే ఆ గ్రెయిన్ టెక్స్‌చర్లలో కొన్ని ఫ్యాషన్ కోసం కాదు, పట్టీలు దాచడానికి వేసినవే.

ఇంజిన్ కంపెనీలు కలిసి పనిచేయలేవా అంటే, చేయగలవు. ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, మొజిల్లా కలిసి ఏటా నడిపే ఇంటరాప్ కార్యక్రమంలో రంగుల వ్యవస్థల అంశాన్ని 2022లోనూ 2023లోనూ పెట్టుకున్నారు. ఫలితం మనం పైన చూసిందే, మూడు ఇంజిన్లలోకీ ఓకేల్యాబ్ వచ్చింది. మధ్య రంగు ఏదన్నది కలిసి తేల్చుకున్నవాళ్లు, దాన్ని స్క్రీన్ మీద ఎలా చల్లాలన్నది తేల్చుకోలేరా?

ఫోన్ కంపెనీలకి ఒక మాట. 107 కోట్లు అని బాక్సు మీద వేసేటప్పుడు, మీరు ముందే వేసి ఇచ్చే బ్రౌజర్ అందులో ఎన్ని వాడుతుందో కూడా చెప్పండి. నాకు రెండిట్లో ఒకటే ఎంచుకోమంటే, 8 బిట్ ప్యానెల్, శ్రద్ధగా డిథర్ చేసే బ్రౌజర్ ఉన్న ఫోన్ తీసుకుంటాను. వెబ్ చదవడానికి 10 బిట్ స్టిక్కర్ కంటే అదే ఎక్కువ పనికొస్తుంది.

ఇక రివ్యూలు రాసే మా జాతికి. వెబ్ గ్రేడియంట్ చూపించి డిస్‌ప్లేకి మార్కులు కోయడం ఆపేద్దాం. డిస్‌ప్లే పరీక్షకి ముందే డిథర్ చేసి సేవ్ చేసిన పీఎన్‌జీ వాడదాం, అది బ్రౌజర్‌లో కాకుండా గ్యాలరీలో అసలు సైజులో తెరుద్దాం, డిస్‌ప్లే మోడ్ ఏంటో రాద్దాం. బ్రౌజర్ గ్రేడియంట్ కూడా చూపించాలనిపిస్తే చూపిద్దాం, కాకపోతే దాన్ని సాఫ్ట్‌వేర్ విభాగంలో పెట్టి, ఇంజిన్ పేరు, వెర్షన్ నంబరు పక్కనే వేద్దాం. వచ్చే రివ్యూ నుంచి నా స్పెసిఫికేషన్ల పట్టికలో ఆ వరుస ఉంటుంది. చిప్‌సెట్ కింద, బ్యాటరీ పైన.